గృహిణి పెరడు : కూత మానిన కోడిపుంజు

సంక్రాంతి వెళ్ళి మాఘము ప్రవేశించినదనగా మాకు వచ్చు జాబులలో కోళ్ళను గూర్చినవి హెచ్చగుచుండును. ఈ నెల వచ్చిన వానిలో భీమవరము ప్రక్క పల్లెనుండి ఒక సోదరి వ్రాసినది తక్కినవాని కన్నిటికిని ప్రతినిధిగా నున్నది. ఆమె దొడ్డిలో ఒక పుంజు, తొమ్మిది పెట్టలు, ఒక పిల్లలకోడి. పుంజు రెండు దినములనుండి వేకువను కూయుట మానినదట. మెడ లోనికి ముడుచుకొని, ఈకలు విప్పుకొని, గాబు ప్రక్కను కన్నులు మూసి నిలుచుచున్నదట. రెట్ట పచ్చగా నున్నదట. అత్తగారు "కోసి వండుదము, ఆలస్యమైన దండుగ" యనుచున్నారు. తోడికోడలు సంతకు పంపుమనుచున్నది. తానేమి చేయవలయునని ఆమె ప్రశ్న.

కోయను వలదు, అమ్మను వలదు. మొట్టమొదట దానిని మందనుండి వేఱు చేయవలయును. పిమ్మట నెమ్మదిగా పరీక్షింపవలయును. ఈ రెంటిలో మొదటిది గడియలో చేయవలసినది. రెండవదానికి ఒక పూట పట్టినను నష్టము లేదు.

ఇట్టి సంగతులు గృహిణుల పత్రికలో నేల యని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. గోదావరి డెల్టాలో వరిచేని రాబడి మగవారి చేతిలోనిది. చేపల చెఱువు, రొయ్యల చెఱువు రాబడి అంతకంటెను మగవారి చేతిలోనిది. పెరటి కోళ్ళవలన, వాని గ్రుడ్లవలన వచ్చు నాలుగు రూపాయలు మాత్రమే ఇల్లాలి కొంగుముడిలోనివి. పిల్లవాని నోటుపుస్తకమునకు, చీటిపాట వాయిదాకు, పుట్టింటికి పోవు బస్సు టిక్కెట్టుకు ఎవరిని అడుగక తీసి యీయగల డబ్బు అది. తెగులు సోకిన వారము దినములలో ఆ దొడ్డి ఖాళీ యగుట మేమెఱుగుదుము. కాబట్టి ఇది ఆడువారి విషయమే.

పుంజు జబ్బును కనిపెట్టుట పెట్ట జబ్బును కనిపెట్టుటకంటె కష్టము. పెట్ట గ్రుడ్డు మానిన వెంటనే మనకు అనుమానము కలుగును. పుంజునకు అట్టి గుఱుతు లేదు. పైగా దాని పెత్తనమంతయు బలము మీద నిలిచియున్నది. నీరసించినట్లు తెలిసినచో మందలోని పడుచు పుంజులు దానిని పొడిచి తఱుముట నిశ్చయము. అందుచే నిలువగలిగినంత కాలము అది రొమ్ము విఱుచుకొనియే నిలుచును. ఇంకొకటి. మంచి పుంజు గింజ కనబడగానే తాను మ్రింగక, కొక్కొక్కని పెట్టలను పిలిచి వానికి వదలును. నేలను పొడుచుచున్నది గదా, మేయుచున్నదే యని మనము భ్రమపడుదుము. వాస్తవమున దాని కడుపులోనికి ఏమియు పోయి యుండదు. చేతితో పట్టి చూచినగాని ఈ సంగతి తెలియదు. కాన పుంజు కూత మానినదనిన, లేదా పెట్టలను పిలుచుట మానినదనిన, అప్పటికే రోగము కొంత ముదిరినదని గ్రహింపవలయును.

పట్టుకొనకముందు పది అడుగుల దూరమున నిలిచి చూడుడు. పట్టగానే కోడి బెదరి రొప్పును; అప్పుడిక ఊపిరి సహజమైనదో కాదో తెలియదు. నోరు తెఱచి, మెడ చాచి గాలి పీల్చుచున్నదా? ఊపిరితో గుఱగుఱ శబ్దము వచ్చుచున్నదా? ఱెక్క లొకప్రక్కకు జాఱినవా? నడచునపుడు కుంటుచున్నదా, తూలుచున్నదా? ఎండకాలపు మధ్యాహ్నమైనచో నోరు తెఱచుట, ఱెక్కలు దూరముగా పట్టుట ఉక్కచేతనే కావచ్చును. నీడకు చేర్చి చల్లని నీరుంచినచో కొంతసేపటికి తేఱుకొనును. తేఱుకొనకున్న రోగమనుకొనుడు.

పిమ్మట దీపాలవేళ, అది వాలుకఱ్ఱ మీదికి చేరిన తరువాత, ఱెక్కలు రెండును కలిపి మెల్లగా పట్టుడు. ముక్కునకు మూతికి గుడ్డ కట్టుకొనుట, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనుట మఱవరాదు. కోడి ఒడలి వేడిమి సహజముగనే 106, 107 ఫారన్‌హీటు డిగ్రీలుండును గనుక చేతికి వేడిగా తగిలినంతనే జ్వరమనుకొనరాదు. ముందుగా రొమ్ము ఎముకను తడవి చూడుడు. ఇరుప్రక్కల కండ నిండుగా నున్న జబ్బు క్రొత్తది. ఎముక కత్తివలె చేతికి తగిలినచో జబ్బు వారములనుండి యున్నది. ఈ ఒక్క గుఱుతు సగము సంగతి చెప్పును. క్రొత్త జబ్బు అంటుతెగులు కావచ్చును. పాతది తఱచుగా పురుగులో, పేలో, మేతలోని లోపమో అయి యుండును.

తలమీది తురాయి నెఱ్ఱగా నుండవలయును. పాలిపోయినచో నెత్తురు తక్కువ. కడుపులో పురుగులుండవచ్చును, లేదా రాత్రులందు గూటి సందులనుండి వచ్చి నెత్తురు పీల్చు పిడుదులవంటి సన్న పురుగులుండవచ్చును. వీనిని పగలు వెదకిన కానరావు. రాత్రి దీపముతో వాలుకఱ్ఱ అడుగుభాగమును చూడవలయును. తురాయి నీలిగా, నలుపుగా మాఱినచో ఊపిరి యాడుట లేదనియో, గుండె బలహీనమైనదనియో అర్థము. అది అపాయకరమైన గుఱుతు. తోకక్రింద ఈకలు విప్పి చూచినచో పేలును, వాని గ్రుడ్ల గుత్తులును కనబడును. అరికాలిలో నల్లని పెచ్చు, దాని చుట్టు వాపు ఉన్నచో, ఎత్తైన వాలుకఱ్ఱనుండి గట్టినేలకు దుమికి కాలు దెబ్బతిని చీము పట్టినదన్నమాట. మూడు నాలుగు కిలోల బరువుండు అసీలు జాతి పుంజులకు ఇది మెండు. వాలుకఱ్ఱను మోకాలి ఎత్తునకు దించి, క్రింద వరిగడ్డి పఱచినచో తిరిగి రాదు.

గొంతు దిగువనున్న మేతసంచిని తెల్లవారుజామున, మేత వేయకముందే తడవవలయును. రాత్రి తిన్నది కందనకాయలోనికి దిగి ఆ వేళకు సంచి ఖాళీ కావలెను. ఉండవలె గట్టిగా నున్నచో గడ్డిపరకలో, పురికొసలో చిక్కుకొని యుండును. నీటితిత్తివలె నుండి, నోట పులిసిన వాసన వచ్చినచో లోపల మేత పులిసినది. కొందఱు పుంజును తలక్రిందుగా పట్టి ఆ నీటిని కక్కింతురు. అది ఊపిరితిత్తులలోనికి పోయి చేతిలోనే ప్రాణము విడుచును. అట్లు చేయవలదు, వైద్యునికి చూపుడు.

రెట్టను చూచుటకు రోత పడువారు కోళ్ళను పెంచనే రాదు. ముదురు రంగు ముద్దమీద తెల్లని టోపీ పెట్టినట్లుండుట ఆరోగ్య లక్షణము. దినమునకు కొన్ని మాఱులు గోధుమవన్నెతో జిగటగా, దుర్వాసనతో పడు రెట్టయు సహజమే. దానికి బెదరి మందు పోయనక్కఱలేదు. నెత్తురు కలిసిన రెట్ట ముఖ్యముగా పిల్లలలో రక్తపాఱుడు రోగమునకు గుఱుతు. తడిసిన గూడు దీనికి పుట్టినిల్లు. ఆకుపచ్చని నీళ్ళ రెట్ట రెండు విధములుగా వచ్చును. ఏ కారణముచేతనైనను కోడి రెండు పూటలు తినకున్నచో పైత్యరసము మాత్రమే దిగి రెట్ట పచ్చబడును. కొక్కెర తెగులు నందును అట్లే పచ్చబడును. కాబట్టి పచ్చరెట్ట కనబడగానే కొక్కెర యని తీర్మానింపక, మెడ, ఱెక్కలు, ఊపిరి కలిపి చూడవలయును.

ఇక ఆ కొక్కెర తెగులును గూర్చి. ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణమునందును, జావా ద్వీపమునందును 1926 లో కనబడిన ఈ రోగము మఱుసటి యేటి ప్రాంతమున మన దేశమున కుమావూను కొండలలోని రాణిఖేత్ వద్ద బయలుపడుటచే దానికి రాణిఖేత్ రోగమను పేరు నిలిచినది. మన పల్లెలలో కొక్కెర యన్న చాలును, అందఱకును తెలియును. ఇది వైరస్‌వలన కలుగునది. రొప్పు, పచ్చని నీళ్ళ విరేచనము, కాలు ఱెక్క పడిపోవుట, తుదకు మెడ మెలితిరిగి తల వెనుకకు వాలుట దీని లక్షణములు. టీకా పడని మందలో నూటికి తొంబది కోళ్ళును చచ్చుట కలదు. దీనికి మందు లేదు. వెల్లుల్లి, పసుపు పెట్టినందున చెడుపు లేదుగాని రోగము పోదు. కిరసనాయిలు పోయుట, వాత పెట్టుట క్రూరత్వము. మందుల దుకాణమునుండి మనుష్యుల క్యాప్సూలు తెచ్చి విప్పి ముక్కులో పోయుట ఇప్పుడు మిక్కిలి వాడుకయైనది. ఆ మందులు వైరస్‌ను తాకవు. అవి కోడి మాంసములోను గ్రుడ్డులోను నిలిచి మన పిల్లల కడుపున చేరును.

మెడ విషయమున మా ప్రాంతపు సోదరీమణులు మఱియొక భేదము గమనింపవలయును. కొక్కెరలో మెడ మెలితిరుగును. మెడ మెలితిరుగక, ఎముక లేనట్లు మెత్తగా వాలి, ముక్కు నేలను ఆనినచో అది వేఱొక కారణము. చేపల చెఱువు గట్టుమీద పాఱవేసిన చచ్చిన చేపలలో, కుళ్ళిన కోడి కళేబరములో ఒక విధమైన విషము పుట్టును. దాని నెక్కించుకొనిన మాగుడు పురుగులను కోళ్ళు ఆశగా పొడిచి తినును. కొన్ని గంటలలో కాళ్ళు, ఱెక్కలు, మెడ వరుసగా పడిపోవును. భీమవరము, ఉండి చుట్టుపట్ల చెఱువులే చెఱువులు గనుక ఈ అనుమానము ఇచట ఎప్పుడును మనసున నుండవలయును. ఇది ఒకదానినుండి ఒకదానికి అంటదు. ఆ కుళ్ళును వెదకి పూడ్చినచో తక్కిన కోళ్ళు దక్కును.

తురాయిమీద, కంటి చుట్టు బొబ్బలు లేచి పొక్కులు కట్టినచో అది కోళ్ళ మశూచి. అమ్మవారని దండము పెట్టి ఊరకుండుట మన వాడుక. దీనిని ముఖ్యముగా దోమలు మోయును. మురుగు కాలువ ప్రక్కనున్న గూటికి పాత దోమతెర కప్పుట మేలు. పొక్కులను గీకరాదు, వేపనూనె రాచినచో ఈగలు వాలవు. నోటిలోపల పసుపుపచ్చని పొర కట్టినచో అపాయము హెచ్చు. ముఖమొక ప్రక్క వాచి, ముక్కునుండి కంపుగల చీమిడి కాఱినచో అది జలుబువంటి వేఱొక అంటురోగము. దీనికి మాత్రము పశువైద్యుని మందు పనిచేయును.

మా సోదరి పుంజునకు ఏమి చేయవలయునో ఇప్పుడు చెప్పుదుము. గాలి వచ్చు వసారాలో, మందకు గాలివాలు కాని వైపున, గంపక్రింద పొడి గడ్డి వేసి ఉంచుడు. రాత్రివేళ గోనెపట్టా కప్పుడు. దానికి వేఱు చిప్ప, వేఱు మూకుడు. మొదట బాగున్న కోళ్ళకు మేత వేసి, కడపట జబ్బు కోడి యొద్దకు పోవలయును. తిరిగి మంద యొద్దకు రాకూడదు. కాచి చల్లార్చిన నీరు ఒక లీటరులో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఒక దినము త్రాగనిండు. తరువాత మంచినీరే చాలును. నూకల జావ, ఉడికించిన గ్రుడ్డులోని పచ్చసొన మెత్తగా నలిపి చేతిలో చూపుడు. నోరు పెఱికి గొట్టముతో నీరు పోయవలదు. కోడి నాలుక మొదటనే ఊపిరి గొట్టపు ద్వారమున్నది. తొందరపడి పోసిన నీరు అందులోనికే పోవును. ముక్కు ప్రక్కను ఒక్కొక్క బొట్టు వేసినచో తానే మ్రింగును. ప్రతి ఉదయమును ఒకే త్రాసుతో తూచి గోడమీద బొగ్గుతో వ్రాయుడు. మన కన్ను మోసపోవును గాని త్రాసు మోసపోదు.

ఒక్క పుంజే జబ్బుపడి, మూడు దినములైనను పెట్టలు చుఱుకుగా నున్నచో భయము తక్కువ. రెండవ కోడి తూలుట మొదలిడెనా, ఆ పూటనే పశువైద్యశాలకు కబురు పంపవలయును. 1962 అను అంకెకు ఫోను చేసినను సంచార పశువైద్య వాహనము వచ్చును. చచ్చిన కోడియున్నచో దానిని రెండు సంచులలో కట్టి వైద్యునికి చూపుట మంచిది. కోసి చూచినగాని తేలని రోగములు కొన్ని కలవు.

తురాయి, ముఖము నల్లబడి వాచుట, కాళ్ళమీద నెత్తురు చాఱలు, ముందు ఏ గుఱుతును లేకయే ఒక్క రాత్రిలో పలు కోళ్ళు చచ్చుట, ఇవి కనబడినచో తాకనే తాకకుడు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలములోని వేల్పూరునందును, పెరవలి మండలములోని కానూరు అగ్రహారమునందును కోళ్ళఫారములలో కుప్పలు కుప్పలుగా చావులు కలుగగా, నమూనాలను భోపాలు ప్రయోగశాలకు పంపి పరీక్షించి హెచ్5ఎన్1 జాతి బర్డ్ ఫ్లూ యని నిర్ధారణ చేసిరి. కిలోమీటరు పరిధిలోని కోళ్ళను చంపి పూడ్చి, పది కిలోమీటర్ల పరిధిని కావలి పెట్టిరి. కొక్కెర మనుష్యునకు సోకినను కన్నెఱుపుతో పోవును. బర్డ్ ఫ్లూ మనుష్యులకు అరుదుగా సోకును గాని సోకినచో ప్రాణము తీయగలదు. ఆ సంవత్సరము మార్చిలో మన రాష్ట్రముననే ఒక పసిబిడ్డ దానిచే మరణించినట్లు వెల్లడియైనది. శీతకాలమున కొల్లేటికి వచ్చు దేశాంతర పక్షులును, కోతకోసిన చేలలో మేయు బాతుల మందలును తమకు జబ్బు లేనట్లే కనబడుచు దీనిని మోయవచ్చును. బాతులు దిగిన బోదెలో మన కోళ్ళు నీరు త్రాగకుండ చూచుకొనుట మనచేతిలోని పని.

అత్తగారి మాట యిప్పుడు. బాగుగా ఉడికిన మాంసమున ఈ క్రిములు బ్రదుకవు, నిజమే. కాని ప్రమాదము తినుటలో లేదు, కోయుటలోను పెఱుకుటలోను కలదు. జబ్బుకోడిని కోయునపుడు నెత్తురు, ఈకల దూళి పడునది కత్తి పట్టిన ఇల్లాలి మీద, ప్రక్కను కూర్చుండి చూచు పిల్లవాని మీద. ప్రేవులను పెంటమీద వేసినచో మిగిలిన తొమ్మిది పెట్టలు వానిని పొడుచును. సంతకు పంపుట దీనికంటె పాపము. కొన్న యింటి దొడ్డి మఱుసటి వారమున ఖాళీయగును. ఆ దొడ్డియు మనవంటి ఒక ఆడుదానిదే.

చచ్చిన కోళ్ళను కాలువలో పాఱవేయుట మన డెల్టాలో తాతలనాటి దురభ్యాసము. ఆ నీరు దిగువ ఊరి రేవులో బిందె ముంచు నీరు. మూడడుగులకు తక్కువ గాకుండ గొయ్యి తీసి, పైన సున్నము చల్లి, కుక్కలు తవ్వకుండ ముండ్లకంప వేయవలయును. మన పల్లపు నేలలో రెండడుగులకే నీరూరును. అందుచే మెరక నేల, బావికి కాలువకు దూరముగా, వెదకవలయును.

పండుగ కోళ్ళ విషయము చెప్పక తీఱదు. కోడిపందెములు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునకు విరుద్ధము. 2016 డిసెంబరులో హైకోర్టును వానిని ఆపింపవలెనని ఉత్తరువు చేసినది. అయినను మా జిల్లాలో భోగినాడు బరులు కట్టనిదెచ్చట? డేగ, కాకి, నెమలి, పర్ల యని రంగులు వర్ణించి బాదంపప్పు పెట్టి పెంచినవారే దాని కాలికి కత్తి కట్టుదురు. మాకు అది ఏ మాత్రమును గిట్టదు. గిట్టినను గిట్టకున్నను ఒక లెక్క చూడుడు: నానా ఊళ్ళ పుంజులు మూడు దినములు ఒక బరిలో చేరి, ఒకదాని నెత్తురు ఒకదానికి పూసికొని, సాయంత్రమునకు ఎవరి యింటికి వారు మోసుకొనిపోవుదురు. మాఘములో మాకు జాబులు హెచ్చుట ఇందువలననే. గెలిచిన పుంజైనను, గాయపడిన పుంజైనను, సంతలో కొన్న పెట్టయైనను, వియ్యపురాలు పంపిన కోడియైనను, మూడు వారములు వేఱుగా నుంచి, జబ్బు లేదని తేలిన పిమ్మటనే మందలో విడువవలయును. మగవారు నవ్వినను ఈ నియమము సడలింపకుడు. గాయమునకు ఉప్పునీటితో కడిగి అయొడిను మందు రాయుట చాలును; లోతుగా తెగినచో వైద్యుడు కుట్టవలసినదే.

కొక్కెరకు మందు లేదంటిమి, టీకా కలదు. కుమావూను కొండలలోనిదే ముక్తేశ్వరము. అచటి పశువైద్య పరిశోధనాలయమున 1940 తరువాతి యేండ్లలో సిద్ధమైన టీకాయే నేటికిని పెద్దకోళ్ళకు వేయునది. పిల్లలకు మొదటి వారములో కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క. నెల దాటిన పిదప మఱియొక మాఱు. ఎనిమిది వారములు నిండిన తరువాత ఱెక్కక్రింద సూది. మశూచికి వేఱు టీకా కలదు. ఆ తరువాత ఎన్ని నెలల కొకమాఱు వేయవలెనో మీ వైద్యుని అడుగుడు. పండుగకు నెల ముందు ఒకటి పడునట్లు చూచుకొనుట మా ప్రాంతమున అవసరము. జబ్బుపడిన కోడికి టీకా వేయరాదు. టీకామందు ఎండకు చెడును. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తెచ్చి, కలిపిన గంట రెండు గంటలలో ముగింపవలయును. ఒక సీసా నూఱు కోళ్ళకు సరిపోవును, ఒక్కరి దొడ్డిలో పదియే యుండును. మిగిలినది పాఱబోయుట యేల? వీథిలోని నలుగురైదుగురు ఇల్లాండ్రు ఒక ఉదయము ఏర్పఱచుకొని, చీటిపాటవలె తలకింత వేసికొని తెప్పించినచో ఒక్కొక్క కోడికి పడు ఖర్చు ఒక గ్రుడ్డు వెలకును రాదు. ముందునాటి రాత్రియే కోళ్ళను గంపలక్రింద మూయుడు; తెల్లవారిన తరువాత వెంటపడి పట్టుట ఎవరి తరమును గాదు.

వచ్చు నెల పొదుగునకు కూర్చుండిన పెట్టనుగూర్చి, మురుగు గ్రుడ్లను దీపమున కడ్డముపెట్టి ఏఱుటనుగూర్చి వ్రాయుదుము.